నూట పదమూడో ఇల్లు

మా పెద్దవ్వ మైసమ్మకు అంకెలు రావు. పది వేళ్లు అయిపోయాక ఆమె లెక్కంతా "శానా" అనే ఒక్క మాటలో ఉండేది. అలాంటి మనిషి ఒక పెద్ద చదువుల సారు నోటుబుక్కును కాపాడిందంటే మా ఆయన ఇప్పటికీ నమ్మడు. నమ్మకపోతే పోనీ, ఆయన కోసం నేనిది రాయడం లేదు. కొత్తగూడ అడవిలో ఆ గుట్టమీదికి ఇప్పుడు ఏటేటా పిల్లలు బస్సుల్లో వచ్చి చెట్లు కొలుస్తారు, పుస్తకాలు నింపుకొని వెళ్లిపోతారు. ఆ చెట్లను తమ కోసం ఎవరు మిగిల్చారని ఒక్కరూ అడగరు. నాకు కోపం వచ్చి రాస్తున్నాను.

పెద్దవ్వ మా అమ్మ బుచ్చికి సొంత అక్క. పుట్టింది నెల్లికుదురులో. కొత్తగూడ అవతల జువ్విగూడెంలో చాకలి సోమయ్యకు ఇచ్చి చేశారు. బట్టలు ఉతకడం మొగుడూ పెళ్లాలిద్దరి పని. పిలుపు మాత్రం ఆమె ఒక్కదానిదే. ఊళ్లో ఎవరింట పెళ్లయినా, పురుడైనా, చాకలి మనిషి గడప గడపకూ వెళ్లి బొట్టు పెట్టి పిలిచి రావాలి. దానికొక వరుస ఉంటుంది. ఊరి మొగదల కుమ్మరి పెంటయ్య ఇంట మొదలుపెట్టి, బాయి పక్కగా తిరిగి, ఊరి చివర దాకా పోవాలి. ఒక్క ఇల్లు దాటిపోయినా ఊరు ఊరుకోదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి తలుపు మూసుందని రాజయ్య ఇల్లు వదిలేసి పోయిందట. ఆ రాజయ్య పెళ్లికి రాలేదు సరికదా, రెండేళ్లు తన ఇంటి మైల గుడ్డ ఈమె చేతికి ఇవ్వలేదు. ఆనాటినుంచి పెద్దవ్వ నిద్రలో లేపి అడిగినా ఊరి ఇళ్లన్నీ వరసగా చెప్పేది. మా అమ్మ నవ్వుతూ అనేది, ఆమెకు దేవుడి పేర్లకన్నా ఇంటి పేర్లే ఎక్కువ వచ్చని.

పందొమ్మిది వందల నలభై నాలుగులో, మోదుగు పూసే నెలలో, వెంకట్రాం సారు జువ్విగూడెం వచ్చాడు. హనుమకొండలో చెట్ల చదువు చెప్పేవాడు. జనగామ దిక్కున పెద్ద భూములున్న ఇంటివాడు, దొరల చుట్టం. రైల్లో మానుకోటలో దిగి, అక్కడినుంచి పదిహేనుమంది విద్యార్థులతో ఎడ్ల బండ్లమీద వచ్చాడు. గుట్ట వెనక వాలును చదువు కోసం విడిచిపెట్టమని అడవి శాఖ జంగ్లాత్ వాళ్ల దగ్గర కాగితం తెచ్చుకున్నాడు. పిల్లలకు వండిపెట్టడానికీ, ఏడాది పొడుగునా గుట్టమీద ఒక కన్నేసి ఉంచడానికీ మైసమ్మను కుదుర్చుకున్నాడు.

సారు పని చూసి పెద్దవ్వకు మొదట నవ్వు ఆగలేదు. ఆ వాలులో ఎవరూ కొమ్మ కొట్టకూడదు, మేక మేపకూడదు, రాలిన ఎండుపుల్ల కూడా ఏరకూడదు. అడవిని దాని మానాన వదిలేస్తే ఏమవుతుందో ముప్ఫై, నలభై ఏళ్లు చూడాలట. చదువుకున్న పిల్లలు చెదల పుట్ట ముందు పూటంతా బాసింపట్టు వేసుకొని కూర్చుని ఏదో రాసుకునేవాళ్లు. పెద్దవ్వ ఊరుకోలేక అడిగేసింది.

"ఏం జెయ్యకుంట సూసుడు గూడ ఒక పనేనా సారూ?"

అన్నిటికన్నా కష్టమైన పని అదే మైసమ్మా అన్నాడట ఆయన. ఆ మాట ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

సారు నూట పదమూడు చెట్లు ఏరుకొని ఒక్కోదానికి అంకె వేసిన రేకుబిళ్ల కొట్టించాడు. తన గుండె ఎత్తున చెట్టు చుట్టూ జాజు మట్టితో ఎర్రగీత గీశాడు. ఏటా అదే గీతమీద టేపు పెట్టి లావు కొలిచి, ఆ అంకె ఎదురుగా పుస్తకంలో రాసుకుంటాడు. వానకు గీత కరిగిపోతే మళ్లీ జాజు పూసే పని మైసమ్మది. సారు ముందు నడుస్తూ "ఒకటి, రెండు, మూడు" అంటుంటే, జాజు ముంత పట్టుకొని వెనక నడిచిన మైసమ్మకు ఆ అంకెలు ఒక చెవిన పడి ఇంకో చెవిన పోతున్నాయి. పోల్చుకోవడం ఎట్లాగని ఆలోచించి, ఆమె తనకు తెలిసిన పద్ధతే పట్టుకుంది. చెట్టుకు వేలితో జాజు పెట్టడం, మనిషికి బొట్టు పెట్టడం ఆమెకు ఒకటే అనిపించింది. మొదటి నల్లమద్ది కుమ్మరి పెంటయ్య ఇల్లు. రెండో ఇప్ప వెంకటనర్సమ్మ ఇల్లు. అట్లా ఊరంతా చెట్లకు వరసగా పంచిపెట్టింది. జువ్విగూడెం ఇళ్లు ఎనభై దాకా వచ్చి అయిపోతే, పుట్టిల్లు నెల్లికుదురులో తమ వాడకట్టు ఇళ్లు అందుకుంది.

ఈ సంగతి ఊళ్లో తెలిసి పెద్ద నవ్వులాట అయింది. వరస వరసే కాబట్టి ఎవరికి ఏ చెట్టు వస్తే అదే. నోట్లో నాలుక లేని పెంటయ్యకు అన్నిటికన్నా లావు మద్ది వచ్చింది. రోజుకొకరితో కయ్యం పెట్టుకునే వెంకటనర్సమ్మకు తియ్యటి పూల ఇప్ప వచ్చింది. రాజయ్యకు సగం ఎండిన మొర్రి చెట్టు వచ్చిందని, మైసమ్మ పాత కక్ష పెట్టుకొని కావాలనే చేసిందని ఆయన నెల రోజులు అలిగాడు. ఆ నెల రోజులూ పొద్దున లేస్తే గుట్ట ఎక్కి తన మొర్రి చిగురు వేసిందో లేదో చూసుకొని వచ్చేవాడట. చిగురు వేశాకే మనిషి మళ్లీ మాట్లాడాడు.

నాలుగేళ్లు సారు తప్పకుండా వచ్చాడు. తర్వాత తెలంగాణ అంతా లేచింది. ఊళ్లల్లో సంగం పుట్టింది, వెట్టి పోయింది, దొరలు గడీలు వదిలి పట్నాలు పట్టారు. జంగ్లాత్ వాళ్లు కొత్తగూడ దిక్కు రావడం మానేశారు. సారు కూడా రాలేదు. వస్తే దొరల చుట్టమని సంగపోళ్లు, సంగపోళ్ల అడవికి పోతున్నాడని సర్కారు వాళ్లు, ఇద్దరూ పట్టుకునేలా ఉన్నారు. చివరిసారి పోయేటప్పుడు మాత్రం ఒక మాట అడిగి పోయాడు. "నేనొచ్చినా రాకున్నా ఈ చెట్లను ఇట్లనే ఉండనియ్యి మైసమ్మా. నడుమ ఒక్క చెట్టు తారుమారైనా ఇన్నేండ్ల కొలత మన్నుల కలిసినట్టే." ఈమె సరేనంది. పిలుపు ఒప్పుకున్నట్టే ఒప్పుకుంది, ఇక తప్పేది లేదు.

అడవి జనానిది అని సంగం చాటించిన ఏడాది ఊరివాళ్ల కన్ను ఆ వాలుమీద పడింది. పోడు కొట్టుకోవడానికి ఎర్రమట్టి, పైగా మనిషి కాలు పడని నేల. గొడ్డళ్లు నూరుకున్నారు. సంగం దళం నాయకుడు యోసేపు వచ్చి గుట్ట కింద పట్టపగలే మీటింగు పెట్టాడు. అతనిది నెల్లికుదురే. మైసమ్మకు తమ్ముడి వరస. అందుకని తన మాట చెల్లుతుందని అనుకుంది గాని యోసేపు అక్కా తమ్ముడూ చూసే మనిషి కాదు. దొర చుట్టం కోసం గుట్టను ఎందుకు కాపలా కాస్తున్నావని అందరి ముందూ నిలదీశాడు. గుట్టమీద ఆ సారు ఏం చేస్తాడని అడిగాడు.

"సూస్తడు," అంది పెద్దవ్వ.

"సూసి?"

"రాసుకుంటడు."

"రాసుకొని?"

"మల్ల ఏడు వచ్చి మల్ల సూస్తడు."

జనమంతా గొల్లున నవ్వారు. యోసేపు కూడా మొహం పక్కకు తిప్పుకొని నవ్వాడట. పెద్దవ్వకు రోషం పొడుచుకొచ్చింది. కొట్టుకోండి, కానీ ఏ ఇల్లు ముందు కొడతారో మీరే తేల్చుకోండి అంది. పెంటయ్య మెల్లగా లేచి తన మద్దిని ముట్టుకోవద్దన్నాడు. అతను మీటింగులో నోరు విప్పడం అదే మొదలు. వెంకటనర్సమ్మ తన ఇప్ప మీద గొడ్డలి పడితే ఆ గొడ్డలి పట్టినవాడి సంగతి చూస్తానంది. రాజయ్య తన మొర్రి తప్ప ఏదైనా కొట్టుకోమన్నాడు. పక్కవాళ్ల చెట్టు కొట్టడానికి అందరూ తయారే, తన చెట్టు ఇవ్వడానికి ఒక్కరూ లేరు. అప్పుడు పెద్దవ్వ అసలు మాట అంది.

"గీ సారు దొరల చుట్టమే కావచ్చు తమ్మీ. కని నాలుగేండ్లల్ల ఒక్కనాడు గూడ ఆయన మూట మాతోటి మోయించలె. ఆయన బట్టలు ఆయనే వాగుల ఉతుక్కున్నడు. నా పని నాకు లేకుంట జేసిండని నేనే తిట్టిన."

గడీలో వెట్టి బట్టలు మోసి మోసి మెడ వంగిపోయిన మనిషి ఆ మాట చెప్పాక యోసేపు దిగివచ్చాడు. పోడు గుట్ట కింది దిక్కు కొట్టుకోమని, వెనక వాలు చదువుకు ఉండాలని తీర్మానం చేశాడు. పోతూ పోతూ, తనకు ఏ చెట్టు ఇచ్చావక్కా అని గుసగుసగా అడిగాడట. నెల్లికుదురు వాడకట్టులో మీ అమ్మ ఇంటికి జిట్రేగి చెట్టు ఇచ్చానని చెబితే, చూపించమని వెంటపడి చూసే వెళ్లాడు.

నైజాం సర్కారు పడిపోయి మిలట్రీ వచ్చాక వేరే తిప్పలు మొదలయ్యాయి. గుట్ట ఎక్కితే దళానికి బువ్వ మోస్తున్నావని అనుమానం. పెద్దవ్వ తలమీద మైలబట్టల మూట పెట్టుకొని వాగుకు పోతున్నట్టే పోయి, మూటలో దాచిన జాజు పూసి వచ్చేది. ఒక రోజు పొద్దున్నే గొడ్డళ్ల చప్పుడు వినబడి పరుగెత్తింది. కట్టెల గుత్తేదారు మనుషులు అప్పటికే మూడు ఏగిస చెట్లు కూల్చారు. వాళ్ల తప్పు కూడా కాదనాలి. వాళ్ల పనిలో అంకె పడిన చెట్టంటే కొట్టమని గుర్తుపెట్టిన చెట్టే. రేకుబిళ్లలు చూసి, పని సులువైందని సంతోషంగా మొదలుపెట్టారు. మేస్త్రీకి ఎంత చెప్పినా వినలేదు. బువ్వ తిన్నాక మిగతావి కొడతామన్నాడు.

వాళ్లు వాగు ఒడ్డున సద్దులు విప్పి తిని, కాస్త నడుం వాల్చి లేచేలోపు పెద్దవ్వ కొడవలి మడమతో రేకుబిళ్లలన్నీ పీకేసింది. నూట పది బిళ్లలు. చేతులు నెత్తురు కారాయి. వాటిని మూటలో వేసుకొని ఇంటికి తెచ్చి, బట్టలు ఉడకబెట్టే బానలో పోసి పైన మూత పెట్టింది. మేస్త్రీ తిరిగి వచ్చేసరికి చెట్లకు అంకెలు లేవు, ఎర్రటి జాజు మాత్రం ఉంది. కూలివాళ్లు ఇవి దేవత చెట్లన్నారు. చేయి వేయం పొమ్మన్నారు. మేస్త్రీ తిట్టుకుంటూ మందిని తీసుకొని అవతలి గుట్టకు పోయాడు. కూలిన మూడింటి మోళ్లకు కూడా పెద్దవ్వ ఆ సాయంత్రం జాజు పెట్టింది. మనిషి పోతే ఇల్లు పోతదా అని ఆమె అనేది.

పందొమ్మిది వందల యాభై రెండులో, ఓట్లు అయిపోయిన నెలలో, మళ్లీ మోదుగు పూసింది. సారు వచ్చాడు. జుట్టు సగం నెరిసింది, కొత్త విద్యార్థులు, చంకలో అదే పాత పుస్తకం. ముందు గుట్టవైపు చూశాడట. చెట్లు నిలబడే ఉన్నాయని పొంగిపోయి పెద్దవ్వకు రెండు చేతులూ జోడించాడు. పెద్దవ్వ సంబరంగా బాన తెచ్చి ఆయన ముందు గుమ్మరించింది. తుప్పు పట్టిన రేకులు కుప్పగా పడ్డాయి.

సారు ఆ కుప్ప చూసి అక్కడే మట్టిలో కూలబడ్డాడు. చెట్లున్నాయి, పుస్తకముంది. ఒకే జాతివి ఇన్ని ఉండగా ఏ చెట్టుకు ఏ అంకో తెలిపేది మాత్రం ఏమీ లేదు. ఇన్నేళ్ల కొలతలు ఇక చిత్తుకాగితాలేనని విద్యార్థుల్లో శ్రీపాల్ అనేవాడు గట్టిగానే అన్నాడు. పెద్దవ్వకు ఆ పిల్లవాడి చెంప పగలగొట్టాలనిపించిందని చాలాసార్లు చెప్పింది. కొట్టలేదు. జాజు ముంత తెమ్మని సోమయ్య పెద్దబాపును కేకేసింది.

"అంకెలు నాకు రావు సారూ. ఇండ్లు వచ్చు. నేను పిలుసుకుంట పోత, నువ్వు రాసుకుంట రా."

మొదటి నల్లమద్ది దగ్గర నిలబడి జాజు పెట్టి "పెంటయ్య" అంది. సారు ఒకటి అన్నాడు. శ్రీపాల్ టేపు పెట్టాడు. పుస్తకంలో ఉన్నదానికన్నా రెండు అంగుళాలు పెరిగింది. వెంకటనర్సమ్మ, రెండు. అదీ పెరిగింది. ఇట్లా వరస నడిచింది. చెట్టు లావు పెరగాలి తప్ప తగ్గదు కదా, వరసలో ఎక్కడ తేడా వచ్చినా టేపే పట్టిస్తుందని సారు ప్రతిదాన్నీ కొలిపించాడు. రాజయ్య మొర్రి దగ్గర పెద్దవ్వ కావాలనే రెండు బొట్లు పెట్టింది. మోళ్ల దగ్గరికి వచ్చినప్పుడు కూడా పేరు పెట్టి పిలిచింది. సారు కళ్లద్దాలు తుడుచుకొని అంకె రాసుకున్నాడు. ఒక్కో చెట్టుకు సరైన బిళ్ల వెతికి కొట్టేవాళ్లు వెనక వస్తున్నారు. ఊరి వాళ్లు కూడా ఒక్కొక్కరే గుట్ట ఎక్కి, తమ చెట్టు పేరు వచ్చినప్పుడు సొంత బిడ్డకు బహుమతి వచ్చినట్టు మురిసిపోయారు. మిలట్రీకి పట్టుబడ్డ యోసేపు అప్పటికింకా జైలు నుంచి రాలేదు. అతని జిట్రేగి మూడు అంగుళాలు పెరిగింది.

పొద్దు వాలేవేళకు నెల్లికుదురు వాడకట్టు కూడా ముగిసింది. ఆఖరి టేకు దగ్గర పెద్దవ్వ ముంత దించి "అయిపోయినయి" అంది.

సారు పుస్తకం చూసి తల అడ్డంగా ఆడించాడు. ఆ చెట్టు నూట పన్నెండు. ఇంకొకటి ఉండాలి.

లేదు అంది పెద్దవ్వ. ఉండాలన్నాడు సారు. టేపుకు దొరకకుండా నడుమ ఎక్కడో ఒక ఇల్లు తప్పిందేమోనని శ్రీపాల్ అన్నాడు. ఆ మాటకు పెద్దవ్వకు రాజయ్య ఇల్లు తప్పిన నాటి సిగ్గంతా మళ్లీ మీదికొచ్చింది. ఒక్క ఇల్లు నడుమ తప్పితే దాని వెనక అంకెలన్నీ తప్పే. ఎనిమిదేళ్ల కాపలా, బానలో దాచిన రేకులు, చేతులు కోసుకున్నది, అంతా దండగే. అక్కడికక్కడ కళ్లు మూసుకొని పెంటయ్య నుంచి మొదలుపెట్టి మళ్లీ అన్ని ఇళ్లూ పైకి చెప్పుకుంది. ఊరివాళ్లు ఒక్కో ఇంటికీ తల ఊపుతూ విన్నారు. ఒక్కటీ తప్పలేదు. రాజయ్యే ముందుకొచ్చి, నా ఇల్లు కూడా చెప్పింది సారూ, ఇంక తప్పే లేదు అని సాక్ష్యం చెప్పాడు.

సారు పుస్తకంలో ఆఖరి వరస చదివాడు. నూట పదమూడు, తునికి చెట్టు. పెద్దవ్వ సద్దిమూట వేలాడుతున్నది ఒక తునికి చెట్టుకే. మొదటి ఏడాది ఆ చెట్టుకు బిళ్ల కొట్టే సమయానికి పిల్లలు ఆకలి అంటే ఆమె వడ్డించడానికి కూర్చుంది. తర్వాత ఏటా పని ముగించి అక్కడే నీడకు కూలబడేది. చేతికి మిగిలిన జాజు ఆ చెట్టుకే తుడిచేది. కొడవలితో రేకులు పీకిన రోజు కూడా చివరి రేకు దాన్నుంచే పీకింది, పేరు మాత్రం పెట్టలేదు. సారు దగ్గరికెళ్లి చూశాడు. మొదలంతా ఎర్రటి చేతి గుర్తులు, ఒకదానిమీద ఒకటి, ఎనిమిదేళ్లవి.

"గిది ఎవలిల్లు మైసమ్మా?" అని అడిగాడు.

పెద్దవ్వ తడుముకుంది. "ఎవలిదీ గాదు సారూ. గీడ నేను కూసుంట."

"ఊళ్లె మీ ఇల్లు ఏ చెట్టు మరి?"

అప్పుడు గాని ఆమెకు తోచలేదు. ఊరంతా పంచిపెట్టింది, పుట్టింటి వాడకట్టు కూడా పంచింది. తన ఇంటి వంతు రానే లేదు. పిలిచేవాళ్ల ఇంటికి పిలుపు ఉండదు సారూ అంది. ఎవరు వచ్చి పిలుస్తారు మమ్మల్ని, పెళ్లయితే వెనక దొడ్లో ఎంగిలి ఆకులు తీసి అక్కడే తింటాం అంది. ఎవరిమీదా నిష్ఠూరం లేకుండా, ఎండాకాలం ఎండ కాస్తుందన్నట్టు అంది.

శ్రీపాల్ టేపు పెట్టాడు. తునికి అంగుళమున్నర పెరిగింది. లెక్క కుదిరింది, నూట పదమూడూ కుదిరాయి. సారు పుస్తకం మూసి జాజు ముంతలో వేలు ముంచాడు. తునికి చెట్టుకు బొట్టు పెట్టి, ఊరంతా వినేలా, పెద్దవ్వ ఊరి పెళ్లిళ్లన్నిటికీ పలికిన మాటనే పలికాడు.

"మైసమ్మా, రేపు గుట్టమీద మా బడి బువ్వ. మీ ఇంట్ల పొయ్యి ఎలిగించొద్దు. నువ్వు, సోమయ్య, ఇద్దరు రావాలె."

పెద్దవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని భోరున ఏడ్చింది. వెంకటనర్సమ్మ ఆమెను పట్టుకొని తానూ ఏడ్చింది. కాసేపటికి పెద్దవ్వ కళ్లు తుడుచుకొని చెట్టు వంక చూసి, బొట్టు జర కిందికి పెట్టిండ్రు సారూ, గుండె ఎత్తుకు పెట్టాలె అని తప్పు పట్టింది. సారు తుడిచి మళ్లీ పెట్టాడు.

మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పెద్దవ్వ పెళ్లినాటి చీర కట్టుకొని, సోమయ్య పెద్దబాపును వెంటబెట్టుకొని గుట్ట ఎక్కింది. పంక్తిలో సారు పక్కన, రాజయ్య ఎదురుగా కూర్చుంది. అలవాటుకొద్దీ వడ్డించడానికి రెండుసార్లు లేవబోతే ఇద్దరు విద్యార్థులు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. పప్పులో ఉప్పు తక్కువైందని ఆమె ఊరందరికీ ఏడాది పొడుగునా చెప్పింది.